కొంగుకు తగలని అంచు

మా ఎదురింటి వదిన మొన్న సోమవారం పొద్దున పోయింది. దవాఖాన నుంచి కబురు రాగానే, కోటగిరి బడిలో టీచరుగా చేస్తున్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "బాపూ, ఆమె గురించి నువ్వే రాయాలె" అంది. ఏడో తరగతి దాకా చదివినవాడిని, తప్పులుంటే మన్నించండి. బాధ లేక కాదు. కానీ ఆమెను తలుచుకుంటే ముందు సంతోషమే పొంగుకొస్తుంది, ఏం చేయను!

తొంభైల్లో వాళ్ల వసారాలో వడ్రంగి పని నడిచేది. అన్నకు చూపు మందగించాక, బల్లలకూ బీరువాలకూ పైన అతికించే మైకా షీట్ల పనంతా వదినే చేసేది. విరిగిన రంపం బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి పట్టుకుని, షీటు మెరిసే వైపు ఒకే గీతను పదిసార్లు గీసి, పైకి ఎత్తి టక్కున విరిచేది. పని చేస్తున్నంతసేపూ పలకదు. పని ఆపిందా, ఎదుటివాడిని ఆటపట్టించకుండా వదలదు.

మా అమ్మాయికి చిన్నప్పుడే కుడి మోకాలు బిగుసుకుపోయింది. కింద కూర్చుని రాయలేకపోయేది. మంచం మీద ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తే అరగంటకే నడుం పట్టేసేది. పదో తరగతి పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. వాలుగా ఉండే రాతబల్ల నా చేతులతో చేసి పెడతానని మాటిచ్చాను. ఆకాశం రంగు మైకా తనే ఏరుకుంది. దుకాణంలో ఆ రంగుది ఒక్కటే మిగిలి ఉంది.

నేను రైసుమిల్లులో కాంటా చూసేవాడిని. గింజ ఎక్కువ పోకూడదు, గింజ తక్కువ రాకూడదు. ఆ బుద్ధే ఇక్కడా పనిచేసింది. చెక్క ఎంతుందో మైకా సరిగ్గా అంతే కోశాను. రెండింటికీ జిగురు పూసి, ఆరనిచ్చి, ఒకదాని మీద ఒకటి వేశాను. వేలెడు పక్కకు పడింది. ఆ జిగురు ఒకసారి అంటితే ఇక కదలదు. ఒకవైపు మైకా బయటికి వేలాడుతోంది, మరోవైపు చెక్క బోడిగా ఉంది.

వదిన వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంది మరిదీ, మైకను గూడ కాంట మీద తూచినవా? చుట్టూత జరంత ఎక్కువ ఉంచాలె. అంటినంక అరగదీస్తె సక్కగైతది."

అంతా ఖరాబయిందని, ఇంకో షీటు దొరకదని చెప్పాను.

"మైకకేం గాలె. ఆ బోడి చెక్కనే కోసెయ్యి, బయటికొచ్చిన మైకను అరగదియ్యి. పిల్ల నడుమ రాస్తది గని అంచు మీద రాస్తదా?"

రంపం నా చేతికే ఇచ్చింది, తను ముట్టలేదు. రేపు ఊడితే బిగించుకోవలసింది నేనేనట. పుస్తకం జారకుండా కింద పట్టీ బిగించడానికి బర్మాతో రంధ్రం వేయబోతుంటే ఆపి, అవతలి వైపు చెక్క చీలకుండా అడుగున పనికిరాని చెక్కముక్క పెట్టించింది. అంచు అరగదీసే ఆకురాయిని కిందికి తోయడమేగానీ పైకి లాగకూడదంది, లాగితే పెచ్చు లేస్తుందట. అయిపోయిందని నేనన్నప్పుడల్లా తన నూలుచీర కొంగును అంచు మీద లాగి చూసేది. ఒక్క పోగు తగులుకున్నా మళ్లీ ఆకురాయే. నాలుగోసారికి విసుక్కున్నాను.

"నీ బిడ్డ మోచెయ్యి ఈడనే ఆనిస్తది మరిదీ" అంది.

నేను మళ్లీ కూర్చున్నాను. ఐదోసారి కొంగు ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

మా అమ్మాయి పదో తరగతే కాదు, ఆ తర్వాత చదివిన చదువంతా ఆ బల్ల మీదే చదివింది. ఉద్యోగం వచ్చిన రోజు వదిన కాళ్లకు మొక్కబోతే, దుమ్ముంటదని వెనక్కి జరిగింది. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

అప్పట్లో బల్ల ఇంట్లో పెట్టిన సాయంత్రం వదిన చూద్దామని వచ్చింది. అమ్మాయి కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని రాస్తోంది. నేను పిలవబోతే వదిన వద్దని సైగ చేసింది. అమ్మాయి తల ఎత్తలేదు. పేజీ నిండింది, తిప్పింది, రెండోది మొదలుపెట్టింది. వదిన గడప అవతలి నుంచే చూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్లతో మెల్లగా రోడ్డు దాటి వెళ్లిపోయింది.