బొటనవేలి గోరు

అద్దంకి ఊరి చివర మిరపకాయల గోడౌన్‌లో తొడిమలు తీసే ఆడవాళ్ళకు కుడిచేతి బొటనవేలి గోరే పనిముట్టు. ఎండుకాయను ఎడమచేత్తో పట్టుకుని, గోరు తొడిమ కింద పెట్టి టక్కున లేపడమే పని. అలాంటి గోరును ఖుర్షిదా పనికి వాడకుండా దాచుకుంటోందని తెలిసిన రోజున గోడౌన్ గోడౌనంతా విరగబడి నవ్వింది. జట్టు మేస్త్రి సుబ్బరావమ్మ మాత్రం నవ్వి ఊరుకునే రకం కాదు.

"ఏమే జమీందారిణీ! ఎడమచేత్తో తొడిమలు తీస్తావా? ఆ గోరుకేమన్నా బంగారు తొడుగు చేయిస్తావా ఏంటి?"

"గిటారుకి కావాలక్కా" అంది ఖుర్షిదా తల ఎత్తకుండా.

"గిటారు గోకడానికి గోరెందుకే? ప్లాస్టిక్ ముక్కతో గోకుతారుగా మా వీధి కుర్రాళ్ళు!"

ఆ గిటారు వేరు, ఈ గిటారు వేరు. ఖుర్షిదా నేర్చుకునేది నైలాన్ తీగలది. ముక్కతో బరబరా గీకితే అది పలకదు. ఒక్కో తీగనూ ఒక్కో వేలు విడిగా మీటాలి, మీటే చేతికి గోళ్ళుండాలి. ఈ సంగతి సుబ్బరావమ్మకు చెప్పి ఒప్పించడం కంటే ఎడమచేత్తో తొడిమలు తీయడమే సులువనుకుంది ఖుర్షిదా.

అసలు దీనికంతటికీ కారణం ఆమె భర్త బుడాన్. బస్టాండు దగ్గర బ్యాగులకు జిప్పులు వేస్తాడు. పోస్టాఫీసులో రిటైరై, సరదాకొద్దీ పదిమందికి గిటారు నేర్పే ప్రేమ్‌చంద్ మాస్టారు ఒకరోజు గిటారు సంచీ బాగుచేయించుకోవడానికి వచ్చి, గిటారును కాస్త పట్టుకోమని అక్కడే ఉన్న ఖుర్షిదా చేతికిచ్చారు. పట్టుకోమంటే పట్టుకుని ఊరుకోవచ్చుగా? ఉండబట్టలేక లావు తీగనొకదాన్ని మీటింది. ఆ మోత చెక్కలోంచి నేరుగా ఆమె పక్కటెముకల్లోకి దిగింది.

"ఇది నాకు నేర్పుతారాండీ?" అని అడిగేసింది, నలభై దాటిన మనిషి. బుడాన్ కంగారులో సూది వేలికి గుచ్చుకున్నాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "సాయంత్రం రామ్మా" అన్నారు.

మొదటి పాఠమే గొడవైంది. ఖుర్షిదా గోడౌన్ నుంచి నేరుగా వెళ్ళింది. చేతులు కడుక్కునే వెళ్ళింది, కానీ సీజన్లో ఆ చేతుల ఘాటు నీళ్ళకు పోతుందా? పాఠం అయ్యాక మాస్టారు అదే గిటారు తీసుకుని ఒక ముక్క వాయించి, అలవాటుగా కళ్ళజోడు పైకెత్తి కళ్ళు నలుపుకున్నారు. ఆ తర్వాత ఆయన పెరట్లో కుళాయి కింద తల పెట్టి వేసిన కేకలు వీధంతా విన్నది. మర్నాడు ఖుర్షిదా సిగ్గుతో చచ్చిపోతూ, మంట తెలియకుండా చేతులకు కొబ్బరినూనె దట్టించి వెళ్ళింది. తీగల మీద వేళ్ళు జర్రున జారిపోయాయి. "తల్లీ, వాయించడానికి వచ్చావా, తలంటడానికి వచ్చావా?" అన్నారాయన. చివరికి నూనె రాసి, శనగపిండితో రుద్ది కడిగితే గానీ ఆ చేతులు గిటారుకు పనికిరాలేదు. తన పాత గిటారునొకదాన్ని మాస్టారు ఆమెకే ఇచ్చేశారు. కళ్ళ మీద భయంతో ఇచ్చారని బుడాన్ ఇప్పటికీ అంటాడు.

నేర్చుకుంది, మొండిగా నేర్చుకుంది. ఎడమచేతి వేళ్ళు తీగలు కోసుకుని కాయలు కాశాయి. కానీ పోయిన ఏడాది చీరాలలో ఒక స్కూలు హాల్లో మాస్టారి శిష్యులంతా వాయించిన రోజున, చిన్నచిన్న పిల్లల మధ్య కుర్చీలో కూర్చుని, పాట సగంలో తడబడి ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. పాపం అని కొట్టిన చప్పట్లు అవి. తిట్టినా భరించేది గానీ, ఆ జాలిని ఏడాది పొడుగునా మింగలేకపోయింది. ఈసారి ఆ పాట చివరిదాకా వాయించి తీరాలి. మధ్యలో ఆగితే ఇక గిటారు తిరిగి ఇచ్చేస్తానని బుడాన్‌తో కూడా చెప్పేసింది.

అదొక పాత స్పెయిన్ దేశపు బాణీ. సన్న తీగల మీద పాట నడుస్తుంటే, లావు తీగల మీద బొటనవేలు ఆగకుండా మంద్రంగా తోడు పలకాలి. బొటనవేలు తప్పితే పాటే లేదు.

ఈ ఏడాది చీరాల వెళ్ళాల్సిన ఆదివారం పొద్దున్నే గోడౌన్ ముందు ఎండుకాయల లోడుతో లారీ వచ్చి నిలబడింది. జట్టుకంతటికీ రాశి ఒకటే. అది తేలకుండా ఎవరూ లేవకూడదు. వాళ్ళ అమ్మల కాలం నుంచీ ఉన్న కట్టుబాటు అది. ఎండ నడినెత్తికి వస్తోంది, రాశి తరగడం లేదు, మధ్యాహ్నం బస్సు పోతే ఇక వేళకు చీరాల చేరడం కుదరదు. ఖుర్షిదా అటూ ఇటూ చూసింది. ఇంతకాలం దాచుకున్న కుడిచేయి బయటికి తీసింది. కాయలు పరపరా పోగుపడ్డాయి. రాశి అడుగుకొచ్చింది, ఒక మొండి తొడిమ కింద గోరు పుటుక్కున విరిగింది.

ఆమె చేతికేసి చూసుకుంటూ ఉండిపోయింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే కారం పడిందనుకున్నారంతా.

"కారం కాదే, గోరు విరిగింది దానికి" అంది సుబ్బరావమ్మ, దగ్గరికొచ్చి. "ఇప్పుడేంటి? వాయించలేవా?"

"లేనక్కా."

సుబ్బరావమ్మ తన కుడి బొటనవేలు చూసుకుంది. ఎన్నో సీజన్ల పనికి ఆ గోరు కొమ్ములా గట్టిపడి పొడుగ్గా పెరిగి ఉంది. జట్టులో అంత వేగంగా తొడిమ తీసే గోరు ఇంకొకటి లేదు. సంచులు కోసే బ్లేడు అందుకుని, పళ్ళు బిగించి, దాన్ని మొదలంటా కోసి ఖుర్షిదా అరచేతిలో పెట్టింది.

"అయ్యో అక్కా! రేపటి నుంచి పనెలా చేస్తావు?"

"ఎడమచేత్తో తీయడం నువ్వు నేర్పవా ఏంటి? రాశి తేలిపోయింది, లే, బస్సు పోద్ది!"

బస్టాండులో బుడాన్ ఫెవిక్విక్ చుక్క వేసి, విరిగిన గోరు మీద ఆ ముక్కను అతికించి, ఆకురాయితో నున్నగా అరగదీశాడు. పెళ్ళిరోజున కూడా భార్య చేతిని అంత భద్రంగా పట్టుకుని ఉండడు. బస్సు కదిలేలోగా సుబ్బరావమ్మ కూడా ఎక్కేసింది. "నా గోరు ఎక్కడికి పోతే అక్కడికి నేనూ వస్తా" అంది.

చీరాలలో ఖుర్షిదా పేరు పిలిచేటప్పటికి హాలు నిండి ఉంది. కుర్చీలో కూర్చుని, పాదం ఎత్తు పీట మీద పెట్టి మొదలుపెట్టింది. బొటనవేలు తీగకు తగలగానే ఆమెకే ఆశ్చర్యం వేసింది. తన గోరు ఎన్నడూ ఇంత నిండుగా పలకలేదు. పోయినసారి ఆగిన చోటు వచ్చింది. కానీ కింద ఆ లావు తీగ గట్టిగా, నింపాదిగా, పద పదమంటూ మోగుతూనే ఉంది. ఆమె దాని వెంట నడిచింది. ఈసారి వేళ్ళు తడబడలేదు. చివరి మోత మోగి, సన్నగిల్లి, ఆగింది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో జాలి లేదు, వెతికినా దొరకదు. మాస్టారు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఈసారి కారం లేకుండానే.

చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి గోడౌన్లో వేసే గొంతుతోనే కేక వినిపించింది. "ఇంకోటి వాయించవే!"

"ఇంకోటి రాదక్కా" అంది ఖుర్షిదా వేదిక మీంచి. జనం గొల్లుమన్నారు.

"వచ్చిందే మళ్ళీ వాయించు! నా గోరు ఊరికే కోసిచ్చానా?"

ఖుర్షిదా నవ్వుతూ బొటనవేలిని ఒకసారి అందరికీ కనబడేలా ఎత్తి చూపించి, గిటారు ఒళ్ళోకి సర్దుకుని, పాట మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.