రేకుల గదికి సున్నం

మా బడిలో ఎనిమిదో తరగతి రేకుల గదిలో ఉండేది. మిగతా తరగతులన్నీ స్లాబు బిల్డింగులో ఉంటే ఇదొక్కటే గ్రౌండు చివర సిమెంటు రేకుల కింద ఉండేది. పిల్లలు ఎక్కువై గదులు చాలనప్పుడు తాత్కాలికంగా అని వేశారట. ఆ తాత్కాలికం అలాగే ఉండిపోయింది. నేను తెలుగు చెబుతాను. ఆ తరగతికి నా పీరియడ్ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటిది.

పద్యం రాగం తీసి చదవడం నాకు మా నాన్నగారి దగ్గర అబ్బింది. ఆయనా తెలుగు మాస్టారే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పద్యం ఎత్తుకుంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గరికి వచ్చి వినేవారు. అలాంటిది ఈ బడికి బదిలీ అయి వచ్చాక, ఎనిమిదో తరగతిలో పద్యం సగానికొచ్చేసరికి తలలు ఒక్కొక్కటే బల్లల మీదికి వాలిపోయేవి. కోప్పడ్డాను, కథలు చెప్పాను, నిలబెట్టి చదివించాను. ఏం చేసినా అంతే. నాలోనే పస అయిపోయిందనిపించింది.

"ఇంక వాలంటరీ రిటైర్మెంటు పెట్టేస్తానండి," అన్నాను ఓ సాయంత్రం మావారితో.

"ఈ ఏడాది కానివ్వు, చూద్దాం," అన్నారాయన.

ఆ ఏడాదే బడికి కొత్త కార్యక్రమం ఒకటి వచ్చింది. నీళ్లు, చెత్త, కరెంటు లాంటి విషయాలు పిల్లలు పుస్తకంలో కాకుండా చేతులతో చేసి నేర్చుకోవాలి. దానికోసం రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి వస్తూ ఉంటుంది, బడి తరఫున ఒక టీచరు ఆమెకి తోడుండాలి. సైన్సు మాస్టారి పోస్టు ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూంలో అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"నా సైన్సు పదో తరగతితోనే పోయిందండి," అన్నాను.

"మీరు పిల్లల్ని చూసుకోండి చాలు మేడం. సైన్సు ఆ అమ్మాయి చూసుకుంటుంది."

ఆ అమ్మాయి మొదటిసారి ఆటోలో ఒక పాత లేడీస్ సైకిలు వేసుకుని దిగింది. వెనక చక్రం గాల్లో ఉండేలా స్టాండు మీద నిలబెట్టి, దానికి డైనమో బిగించి, ఆ వైర్లకి పాతకాలం బల్బు ఒకటి, ఎల్ఈడీ బల్బు ఒకటి కలిపింది. పిల్లలు వరసలో నిలబడి ఒకరి తరవాత ఒకరు తొక్కారు. చివర్లో నా వైపు తిరిగి, "మీరు కూడా తొక్కండి మేడం," అంది.

చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఎక్కాను. ఆడపిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. ఎంత తొక్కినా పాత బల్బు ఎర్రగా మిణుకుమంటోందే తప్ప వెలగదు. తొడలు పట్టేశాయి. అప్పుడామె స్విచ్చి మార్చింది. ఒక్కసారిగా పెడలు తేలికైపోయింది, ఎల్ఈడీ తెల్లగా వెలిగింది. కరెంటుకి బరువుంటుందని ఆ రోజు నా మోకాళ్లకి తెలిసింది. ఇంటికెళ్లగానే ఎవరూ లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను కట్టేశాను. మావారు వింతగా చూశారు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆమె పిల్లల్ని ఒక మాట అడిగింది. "బడిలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టేది ఏదో చెప్పండి. దాని మీద పనిచేద్దాం."

ఒకడు కుళాయి కారిపోతోందన్నాడు. ఇంకొకడు సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామన్నాడు. రెండో వరసలోంచి ఒక అమ్మాయి మెల్లిగా లేచింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, ఇల్లు కాలవగట్టు మీద.

"మా గదేనండి. అన్నం తిని వచ్చాక పైనుంచి సెగ కొడుతుంది. తల పట్టేస్తుంది. మేడం గారు పద్యం చదువుతుంటే వినాలనే ఉంటుందండి, కళ్లు మూతలు పడిపోతాయి."

గదిలో మిగతావాళ్లంతా అవునవునన్నారు. నేను గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాను. ఆ గదిలో నేనుండేది ఒక్క పీరియడే. గంట కొట్టగానే స్లాబు కిందికి వెళ్లిపోతాను. వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు.

మర్నాటి నుంచి పిల్లలు థర్మామీటర్లు పట్టుకు తిరిగారు. ఒకటి రేకుల గదిలో, ఒకటి స్టాఫ్ రూంలో, ఒకటి వరండా నీడలో వేలాడదీశారు. మధ్యాహ్నం పూట రేకుల గది బయటి నీడ కంటే వేడిగా ఉంటోంది, అదీ ఫ్యాన్లు తిరుగుతుండగానే. "ఫ్యాను చల్లబరచడం లేదు, రేకుల వేడిని కిందికి తోస్తోంది," అని వివరించింది రాజమండ్రి అమ్మాయి.

తరవాత అట్టపెట్టెలు తెచ్చి వాటి మీద విరిగిన రేకు ముక్కలు కప్పారు. ఒక రేకుని ఉన్నదున్నట్టు వదిలేశారు. ఒకదానికి సున్నం కొట్టారు. ఒకదాని మీద కొబ్బరాకులు పరిచారు. మూడింటినీ గ్రౌండులో ఎండకి పెట్టి లోపల థర్మామీటర్లు ఉంచారు. కొబ్బరాకుల పెట్టె, సున్నం పెట్టె రెండూ బాగానే చల్లగా ఉన్నాయి. వంటషెడ్డు పక్కనే ఉంది కాబట్టి ఆకులు వద్దు, నిప్పుతో ప్రమాదమన్నారు హెడ్మాస్టరు గారు. సున్నం మీద కూడా ఆయనకి పెద్ద నమ్మకం లేదు.

"గోడలకి కొట్టేదే కదండీ, దానికే చల్లబడిపోతుందా?" అన్నారు. అయినా సరే కానివ్వమన్నారు.

ఒక ఆదివారం ఆ రెండో వరస పిల్ల వాళ్ల నాన్న, ఆటో ఆయనతో పాటు మరో ఇద్దరు తండ్రులు వచ్చారు. సున్నం డ్రమ్ములో నీళ్లు పోయగానే కుతకుతా ఉడికింది. పిల్లల్ని దూరంగా వరండాలో కూర్చోబెట్టాను. రేకులు మనిషి బరువు ఆపవు కనక నిచ్చెనల మీద నిలబడి, వెదురు గడలకి బ్రష్షులు కట్టి వేశారు. సాయంత్రానికి కప్పు తెల్లగా మెరిసిపోయింది.

రెండు రోజులు తిరక్కుండానే వాన పడింది. మాఘమాసంలో అలాంటి వాన ఎవరూ అనుకోలేదు. పొద్దున బడికొచ్చేసరికి సున్నమంతా చారలు చారలుగా గోడల మీదికి కారిపోయి ఉంది. పిల్లలు లోపలికి వెళ్లకుండా బయటే నిలబడి కప్పు వైపు చూస్తున్నారు. ఆటో ఆయన కూతురు కళ్లు తుడుచుకుంటోంది. హెడ్మాస్టరు గారు అటే వస్తుంటే, ముందే చెప్పానుగా అంటారని మనసు గట్టి చేసుకున్నాను.

ఆయన కారిన సున్నాన్ని వేలితో తీసి చూశారు. "జిగురు కలిపారా?"

"లేదండి."

"అదీ సంగతి. ఇంకోసారి వేద్దాం."

మర్నాడు ఆయన బండి ముందు జిగురు డబ్బాలు పెట్టుకుని తెచ్చారు. తండ్రులు మళ్లీ వచ్చారు. ఎవరూ విసుక్కోలేదు. ఈసారి ఒకటి ఆరాక ఇంకొకటి, రెండు పూతలు వేశారు.

ఆ తరవాతి వారం, ఎండ బాగా కాసిన రోజు, భోజనాలయ్యాక రేకుల గదిలోకి వెళ్లాను. తలుపు దగ్గరే తేడా తెలిసింది. అంతకుముందు మొహానికి కొట్టే ఆవిరి లేదు. థర్మామీటరు చూసే పిల్ల "వరండా అంతే ఉందండి" అని చెప్పి కూర్చుంది. నేను పద్యం ఎత్తుకున్నాను. సగానికి వచ్చాక అలవాటుగా తలెత్తి చూశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. చదవడం పూర్తయ్యాక మధ్య వరసలోంచి ఒకబ్బాయి, "రెండో పాదం ఇంకోసారి చదవరా మేడం?" అన్నాడు. బోర్డు వైపు తిరిగి, చెరపాల్సిందేమీ లేకపోయినా డస్టరుతో కాసేపు తుడిచాను.

ఆ సాయంత్రం రాజమండ్రి అమ్మాయికి ఫోను చేశాను.

"మీకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలియట్లేదమ్మా. నా వల్ల కాదని ఉద్యోగం మానేద్దామనుకున్నాను నేను."

"నేను పెట్టెలు ఎండలో పెట్టమన్నానంతే మేడం. చెప్పింది, చేసింది పిల్లలు. ఒకసారి పోయినా మళ్లీ వేసింది వాళ్ల నాన్నలు, మీ హెడ్మాస్టరు గారు," అందామె.

నిజమే. అయినా వాళ్లని చెప్పమని అడిగిన మనిషి ఆమె. మా బడిలో ఆ పిల్లల్ని అంతకుముందు ఎవరూ ఆ మాట అడగలేదు.

మే నెలలో ఏదో పని మీద కాలవగట్టు మీదుగా నడిచి వెళుతున్నాను. ఎండ మాడుస్తోంది. ఒక చిన్న ఇంటి గుమ్మంలోంచి ఒక ముసలావిడ పిలిచింది. "పంతులమ్మ గారూ, ఆ ఎండలో ఎక్కడికండీ? లోపలికి రండి, మా ఇల్లు చల్లగా ఉంటుంది." చూస్తే ఆ ఇంటి కప్పు రేకులు తెల్లగా ఉన్నాయి. ఆటో ఆయన తల్లి ఆవిడ. బడిలో మిగిలిన సున్నం అడిగి తెచ్చి కొడుకూ మనవరాలూ కలిసి వేశారట. నులక మంచం వాల్చి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. చెమట ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. ఆవిడ పక్కన కింద కూర్చుని మనవరాలి కబుర్లు చెబుతూ ఉంది.