ఒకే ఇంట్లో ఇద్దరు రెనాటోలు

పెద్దకొడుకు గాస్పరే గంధకం గనిలో చనిపోయిన ఏడాదికే క్రోచిఫిస్సాకు మళ్ళీ మగపిల్లవాడు పుట్టాడు. పోయినవాడి పేరే వెనక పుట్టినవాడికి పెట్టడం ఆ సిసిలీ ఊరి ఆనవాయితీ. ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఆ పేరును గని ఒకసారి మింగింది ఫాదర్! ఇంకోటి చెప్పండి" అంది.

పాదిరి ఆలోచించి పాత లాటిన్ పేరొకటి తీశాడు. రెనాటో, అంటే మళ్ళీ పుట్టినవాడు.

మళ్ళీ పుట్టినవాడూ మళ్ళీ ఆ గనికే పోయాడు. పోక ఏం చేస్తాడు? ఆ కొండల్లో పేదవాడికి పని దొరికేది అక్కడే. అన్న చొక్కాలు తొడుక్కుని పెరిగాడు, అసుంటాను పెళ్ళాడాడు.

అసుంటాకు నెలలు నిండాక గని కూలింది. రెనాటో లోపలే ఉండిపోయాడు. తవ్వి తవ్వి జనం చేతులెత్తేశారు. ఆ దిగులులోనే కొడుకు పుట్టాడు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు తండ్రి పేరే పెట్టాలి. తండ్రి బతికుండగా పెడితే మాత్రం చావును పిలిచినట్టే. క్రోచిఫిస్సా మనవణ్ణి ఎత్తుకుని చర్చికి బయల్దేరింది.

"కాస్త ఆగత్తా! శవమైనా దొరకలేదు కదా!" అని మొత్తుకుంది అసుంటా.

"ఇంకా ఏం దొరుకుతుందే పిచ్చిదానా! వాడి పేరైనా ఇంట్లో ఉండనీ."

బాప్తిస్మం అయిన మర్నాడు రెనాటోను పాత సొరంగంలోంచి ప్రాణాలతో లాగారు.

"పేరు నిలబెట్టుకున్నాడ్రోయ్!" అంటూ ఊరు వైన్ తాగింది. ఆ నోళ్ళే, తాగింది దిగాక, "ఒకే పేరు ఇద్దరికి! ఎవరో ఒకరే మిగులుతారు" అని ముసలిదాని చెవిన పడేలా అన్నాయి. పాడు నోళ్ళు!

బిడ్డ పేరు మార్చమని రెనాటో పాదిరి కాళ్ళమీద పడ్డాడు. "బాప్తిస్మం చొక్కా కాదు నాయనా, విప్పి ఇంకోటి తొడగడానికి" అన్నాడాయన. ఇక రోజూ బిడ్డను గుండెకు హత్తుకుని, "తీసుకెళ్తే నన్నే తీసుకెళ్ళు ప్రభువా" అని వేడుకునేవాడు. ప్రభువు వినలేదు. చలికాలంలో బిడ్డకు దగ్గు పట్టింది, క్రిస్మస్ దాటలేదు.

బిడ్డను పాతిపెట్టి వచ్చాక క్రోచిఫిస్సా కొడుకు తల నిమిరింది. ఏడుస్తూనే ఉంది, కానీ నెత్తిమీది బరువు దించినదానిలా ఊపిరి పీల్చుకుంది.

"పోనీలేరా నాన్నా, నువ్వు దక్కావు నాకు."

పొయ్యి దగ్గరున్న అసుంటా ఆ మాట విని భర్త ముఖంలోకి చూసింది. అతను తల ఎత్తలేకపోయాడు.

రెనాటో పండు ముసలివాడయ్యేదాకా బతికాడు. ఎవరు పేరు పెట్టి పిలిచినా పలికేవాడు కాదు. గని దుమ్ముకు చెవులు పోయాయనుకున్నారు జనం.