అమెరికా అడ్డా, మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. గురువారం పొద్దున బౌరంపేట్‌లో మా స్కూలు గ్రౌండులో ఆరో తరగతి పిల్లలను వరుసలో నిలబెడుతున్నాను. పక్కింటి వదిన ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ లేస్తలేదు, జల్దీ రా" అంది. మెడలో ఈల కూడా తీయకుండా బండెక్కాను. గౌడవెల్లి చేరేసరికి పాస్టరయ్య సంఘం వాట్సాప్‌లో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టేశాడు. ఆ మాట చదివితే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "నేనెప్పుడు పండుకున్న?" అని అడిగేది. నిజంగానే ఆమె నిద్రపోవడం నేను చూసింది చాలా తక్కువ. నాలుగింటికే లేచి ప్రార్థన, ఆ వెనక పొయ్యి, ఆ వెనక జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్. రెండేళ్ల కింద క్యాంటీన్ మానేసినా నాలుగింటికి లేవడం మానలేదు.

ఆమె మా అమ్మకు అక్క. నాయిన ముందే పోయాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ కూడా పోయింది. అప్పటినుంచి నన్ను పెంచింది పెద్దమ్మే. ఇలాంటి వ్యాసాల్లో పోయినవాళ్లు చేసిన ఘనకార్యాలు రాస్తారు. మా పెద్దమ్మ ఘనకార్యాలేమీ చేయలేదు. నేను రాయబోయేది ఆమె అమెరికా బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్ చూసే తీరు గురించి. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకే ఈ నెల రోజులుగా నవ్వు రావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రతి జూన్‌లో అక్కడి లీగ్ జట్లన్నీ కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఏరుకుంటాయి. పేరు పిలవగానే కుర్రాడు లేచి, ఇంటివాళ్లను కౌగిలించుకుని, జట్టు టోపీ పెట్టుకుని వేదికెక్కి లీగు నడిపే పెద్దాయనతో చేయి కలుపుతాడు. అక్కడ రాత్రి, మనకు తెల్లవారుజాము. నేను స్కూల్లో, కాలేజీలో ఆ ఆట ఆడాను, ఇప్పుడు పిల్లలతో ఆడిస్తాను. అందుకని ఒక ఏడాది చాయ్ తాగుతూ ఫోన్‌లో పెట్టుకుని చూస్తున్నాను. పెద్దమ్మ బెండకాయలు తరుగుతూ కాసేపు చూసింది.

"ఏందే గిది? ఆడుతలేరు, కొట్లాడుతలేరు, ఊకె చేతులు కలుపుతున్రు."

చెప్పాను. విని ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. "అంటే అడ్డా అన్నట్టు!" అంది.

క్యాంటీన్‌లో కుదరకముందు ఆమె పదేళ్లకు పైగా మేడ్చల్ చౌరస్తాలో కూలీల అడ్డా మీద నిలబడింది. పొద్దున్నే మేస్త్రీలు బండ్ల మీద వచ్చి, "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపించి తీసుకుపోయే చోటు అది. ఆ రోజునుంచి వేదిక మీది పెద్దాయన మా ఇంట్లో "మేస్త్రి" అయిపోయాడు. అంత ఖరీదైన సూటు వేసుకున్న మేస్త్రిని మేడ్చల్ ఎన్నడూ చూసి ఉండదు.

ఆటలో ఎన్ని పాయింట్లుంటాయో కూడా ఆమెకు తెలియదు. ఎవరు ఎంత బాగా ఆడతారో అక్కర్లేదు. పప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, కళ్లజోడు పెట్టుకుని కూర్చునేది. ఏడడుగుల కుర్రాడు లేచి నిలబడితే, "పరంజ లేకుండనే స్లాబు పోస్తడు వీడు" అనేది. ఒకడు కోటు విప్పి లోపలి పూల అస్తరు కెమెరాకు చూపిస్తే, "దుప్పటి చింపి కుట్టిచ్చుకున్నడు, పాపం వాళ్లమ్మకు ఎర్కలేదు" అంది. ఎత్తుగా పెంచిన జుట్టు మీద టోపీ నిలవక జారిపోతుంటే పిన్ను పెట్టుకోమని ఫోనుకు సలహా ఇచ్చింది. ఒక కుర్రాణ్ని ఒక జట్టు ఏరుకుని, టోపీ పెట్టించి, పావుగంటలో ఇంకో జట్టుకు ఇచ్చేసింది. ఆమె నిజంగానే మండిపడింది. "టిఫిన్ డబ్బా దించకముందే ఇంకో మేస్త్రికి అప్పజెప్పుడేంది? గీ పని మా అడ్డా మీద గూడ చెయ్యరు!" ఇక ఎవరు ఎన్నో నంబరులో పోతారో ముందే చెప్పే పండితులంటే ఆమెకు అసలు పడేది కాదు. "గంత ఎర్కైతే పిల్లగాండ్ల ఇంటికే పోయి చెప్పి రారాదా? గీ కుర్చీలల్ల కూసోవెట్టుడెందుకు?"

తల్లులు ఏడ్చినప్పుడల్లా తానూ ఏడ్చేది. ఐదారుగురు తల్లులయ్యాక కొంగు పూర్తిగా తడిసేది. "ఇగ నాతోని కాదు. తర్వాతి తల్లి ఏడ్వకుంటె బాగుండు" అని ముక్కు చీదేది.

ఒక సంగతి మాత్రం ఆమె మనసుకు పట్టింది. కిందటేడు బాగా ఓడిన జట్లకే ముందు ఏరుకునే వంతు వస్తుంది. వాటి మధ్య చీటీలు తీసినట్టు తీసి వరుస కడతారు. "ఓడినోళ్లకు ముందా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. "మంచి న్యాయమే. మావోళ్లు గూడ ఒకపారి గట్లనే చేసిన్రు" అంది. అడ్డా సంగతేదో చెబుతోందనుకుని నేను చాయ్ గ్లాసులు తీసుకుని లేచాను. అడిగి ఉంటే చెప్పేదేమో.

ఈ మధ్య డ్రాఫ్ట్‌ను రెండు రోజులు చేశారు. మొదటి రోజు ఒక రౌండు, మర్నాడు రెండోది. అలా చేసిన మొదటి ఏడు, మొదటి రోజే పిలుస్తారని ఇంటిల్లిపాదితో వచ్చి కూర్చున్న ఒక కుర్రాణ్ని ఆ రోజు చివరిదాకా పిలవలేదు. చుట్టూ బల్లలు ఖాళీ అవుతుంటే కెమెరా మళ్లీ మళ్లీ అతని ముఖం మీదికే పోయింది. పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. "గా కెమెరా పక్కకు తియ్యమను! పిలువకుంటె పిలువకపాయె, మొకం ఎందుకు చూపెడ్తున్రు?" అని ఫోన్‌ను బోర్లించేసింది. మర్నాడు రమ్మన్నారని తెలిసి, "మేస్త్రీలే నయం, ఆ పూటకాపూట చెప్తరు" అంది.

ఆ మధ్యాహ్నం సంఘంలో స్త్రీల కూడిక ఉంది. ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకరు మోకాళ్లు, ఒకరు కొడుకు ఉద్యోగం చెప్పారట. మా పెద్దమ్మ లేచి, "పెద్ద కుర్చీల ఒక పిల్లగాడు కూసున్నడు, ఇంక పిలువలేదు. గాయన గురించి చెయ్యిన్రి" అంది. పాస్టరమ్మ ఓపీలో కూర్చున్న రోగి అనుకుని, "ఏ హాస్పిటల్ అక్కా?" అని అడిగింది. "అమెరికా" అంది పెద్దమ్మ. గౌడవెల్లి ఆడవాళ్లు ఇరవై మంది కళ్లు మూసుకుని, ముక్కూ మొహం తెలియని అతని కోసం ప్రార్థించారు. మర్నాడు తెల్లవారి రెండో రౌండులో అతని పేరు పిలిచారు. ఆదివారం పెద్దమ్మ నిలబడి సాక్ష్యం చెప్పింది. పాస్టరయ్య హల్లెలూయ అన్నాడు కానీ, దేనికన్నాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

రెండో రోజు చూడటానికి నాకు విసుగు. ఎవరికీ తెలియని పేర్లు, ఖాళీ హాలు. "చాలు, కట్టేస్తా" అంటే ఒప్పుకునేది కాదు. "ఆఖరుకు పిల్చేటోని పేరు గూడ పేరే గదనే" అనేది. నాకు ఆ మాట గుచ్చుకునేది. ఎందుకో చెబుతాను, అది చెప్పకపోతే ఈ రాయడమంతా దండగ.

అమ్మ పోయాక చుట్టాలు నన్నూ తమ్ముణ్నీ బయటికి పంపి, తాతను నడుమ కూర్చోబెట్టుకుని మా ఇంట్లో మమ్మల్ని పంచుకున్నారు. నేను పెద్దదాన్ని, ఆరేళ్ల తమ్ముడు, మూడేళ్ల చెల్లె. ముగ్గురినీ ఒకరే పెంచే స్తోమత ఎవరికీ లేదు, ఎవరినీ తప్పు పట్టను. తమ్ముణ్ని నాయినకు అన్న, శామీర్‌పేట్ పెద్దనాయిన తీసుకుపోయాడు. చెల్లెను అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ తీసుకుపోయింది. మధ్యాహ్నానికే వాళ్లు వెళ్లిపోయారు. నేను గడప మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. లోపల పెద్దమ్మ అమ్మ గిన్నెలన్నీ తోముతోంది. ఎవరూ అడగకపోతే మిగిలిన నేను, పిల్లల్లేని విధవరాలైన పెద్దమ్మకు అంటగట్టబడ్డానని ఆ గడప మీదే తేల్చుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల తేల్చుకున్నది తర్వాత ఎవరూ మార్చలేరు.

పదహారేళ్లప్పుడు జిల్లా జట్టు ఎంపికలో నన్ను తీసుకోలేదు. ఇంటికొచ్చి బూట్లు విసిరేసి, "ఏడికి పోయినా మిగిలేది నేనే. ఆనాడు గూడ మిగిలిన దాన్నే గద నీకిచ్చిన్రు!" అని అరిచాను. పెద్దమ్మ గోంగూర తెంపుతోంది. ఆమె చేతులు ఆగాయి. ఏదో అనబోయిందని నాకు తెలుసు, పెదవి కదిలింది. తర్వాత మళ్లీ ఆకు అందుకుని, "అన్నం తిను" అంది. అంతే. కాదనలేదు కాబట్టి అదే నిజమని రూఢి చేసుకున్నాను. ఆ తర్వాత ఆమె వండింది తిన్నాను, ఆమె సంపాదనతో చదివాను, ఆమెతో నవ్వాను కూడా. కానీ ఒక్కసారీ ఆమె మెడ చుట్టూ చేతులు వేయలేదు. దిక్కులేక ఉంచుకున్న మనిషినని ఎప్పుడూ నాలో ఒక పెడసరం ఉండేది. ఆమెకు అది తెలుసు.

ఈ జూన్‌లో ఆమె గుండె బాగా బలహీనపడింది. గోడకు దిండు పెట్టుకుని డ్రాఫ్ట్ చూసింది. జోకులు తగ్గాయి, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. రెండో రోజు ఆఖరి పేరు దాకా కూర్చుంది. ఆ పేరు పిలిచాక, "అయిపాయె. అందరికీ చాయ్ పొయ్యి" అంది, అక్కడ ఎవరున్నారని. ఇద్దరమే ఉన్నాం. అడుగుదామని నోటిదాకా వచ్చింది. నన్ను అడిగి తీసుకున్నావా, ఇస్తే తీసుకున్నావా అని. స్కూలు బస్సు డ్యూటీ గుర్తొచ్చి లేచాను. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. మూడు వారాలకు వదిన ఫోన్ వచ్చింది.

పెద్దమ్మ పోయిన మూడో రోజు జ్ఞాపకార్థ కూడిక అయ్యాక మేం ముగ్గురం చిన్నమ్మతో కలిసి భోజనానికి కూర్చున్నాం. దుఃఖంలో నోరు జారి, "మిగిలినదాన్నైనా మంచిగనే సాకింది" అన్నాను. చిన్నమ్మ ముద్ద విస్తరిలోనే వదిలేసింది.

"ఎవరే మిగిలింది? ముందు అడిగిందే మీ పెద్దమ్మను. మీ తాతనే అన్నడు, అందరికంటె ఎక్కువ పోగొట్టుకున్నది గిదే, మొగడు లేడు, పిల్లల్లేరు, ముందు గిదే చెప్పాలె అని. పిల్లగాన్ని అడుగుతదనుకున్నం అందరం. పిల్లగాడు పోతడని మీ పెద్దనాయినైతే ముందే మొకం మాడ్చుకున్నడు. గామె ఒక్క మాటనే అన్నది, పెద్దది నాకు అని."

తమ్ముడు అడిగాడు, ఎందుకని.

"నేను గూడ గదే అడిగిన. చిన్నోళ్లను ఎవరైన ముద్దు చేస్తరు, పెద్దదాన్ని పనికే తోల్కపోతరు అన్నది."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను. అరిచానేమో కూడా, పక్క వరుసవాళ్లు తిరిగి చూశారు.

"చెప్తే గీ ఇద్దరు వింటరు గద బిడ్డా. మమ్ముల ముందు అడగలేదని మనసుల పెట్టుకుంటరు అన్నది. నాతోని గూడ మాట తీసుకున్నది. ఇగ గామెనే లేదు, ఇగ నేనెన్నాళ్లు మొయ్యాలె?"

చెల్లె మెల్లగా, "మరి రెండోది ఎవరు?" అంది. "నువ్వప్పటికే నా కొంగు పట్టుకొని పండుకున్నవ్. నిన్నెవరు తీసుకున్నరే, నువ్వే నన్ను తీసుకున్నవ్" అంది చిన్నమ్మ. తమ్ముడు నవ్వాడు. నవ్వుతూనే లేచి చేయి కడుక్కోవడానికి పోయి, చాలాసేపు నల్లా దగ్గరే నిలబడ్డాడు. గోంగూర ముందు పెట్టుకుని ఆమె అనబోయి మింగిన మాట ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఒక్క మాటతో నా నోరు మూయించగలిగి కూడా, నా తమ్ముడు, చెల్లె నొచ్చుకోకూడదని ఇన్నేళ్లు నా పెడసరం భరించింది. ఆమె కాళ్ల మీద పడదామంటే సమాధుల తోటలో తడిమట్టి తప్ప ఏమీ లేదు.

పోయిన ఆదివారం శామీర్‌పేట్ దారిలో సమాధి రాళ్లు చెక్కేచోటికి వెళ్లాను. పెద్దమ్మ పేరు, దాని కింద బైబిల్ వాక్యం రాసిచ్చాను. అడుగున ఎవరెవరి పేర్లు వేయాలని రాయి చెక్కే ఆయన అడిగాడు. తమ్ముడిది, చెల్లెది, ఆఖరుకు నాది చెప్పాను.

"మీరే పెద్దోళ్లన్నరు గదమ్మా? పెద్దోళ్ల పేరు ముందుండాలె."

"నాది ఆఖరుకే రాయి అన్నా. ఒకపారి నన్నే ముందు పిలిచిన్రు."

ఆయన నల్లరాయిని గుడ్డతో తుడిచి, సుద్దముక్కతో మూడు గీతలు గీసుకున్నాడు. మొదటి గీత మీద తమ్ముడి పేరు, రెండో దాని మీద చెల్లె పేరు రాశాడు. మూడో గీత దగ్గర చేయి ఆపి, నా వైపు చూసి, "పక్కానా అమ్మా?" అన్నాడు. తల ఊపాను.