పక్క కుప్ప

కాకినాడ నుంచి ఉద్యోగానికి బోధన్ వచ్చిన కొత్తలో ఒకరోజు నిజామాబాద్ బస్సులో కూర్చుని, వేసవి సెలవులకి పారిస్ విమానం టికెట్లు ఫోన్లో వెతుకుతున్నాను. చూసిన ప్రతిసారీ ధర పెరుగుతోంది. పక్క సీట్లో పసుపు కొమ్ముల సంచి పెట్టుకున్న పెద్దాయన నా ఫోన్‌ని నాకంటే శ్రద్ధగా చూస్తున్నాడు.

“గట్ల అదే పనిగ సూస్తే రేటు ఎట్ల దిగుతది బిడ్డా? నీకు గదే గావాలెనని అమ్మెటోనికి ఎరుకైంది. మా పసుపు యార్డుల సేటు, కొనే కుప్ప దిక్కు సూడనే సూడడు. పక్క కుప్ప కాడ కూసుంటడు, కొమ్ము ఇరిసి సూస్తడు. లేసి పొయ్యేటప్పుడు అసలు కుప్ప రేటు అడుగుతడు. నువ్వు గూడ ఇంకో ఊరు సూడు.”

“ఏ ఊరు తాతా?”

“ఏదైతేంది? కొనేది కాదు గద!”

చేతికొచ్చిన పేరు నొక్కాను. పోలండ్‌లో వార్సా. పారిస్ ధరలో సగం!

తాత కళ్లద్దాలు సవరించుకుని ఆ అంకె రెండుసార్లు చదివాడు. “గీ కుప్పనే తీస్కో,” అన్నాడు.

ఆ వేసవి వార్సాలో పదిరోజులున్నాను. పారిస్ ఎప్పుడని ఎవరైనా అడిగితే, బేరం నడుస్తోంది, అందుకే అటు చూడటం లేదంటాను.