పట్టకారు బాబాయి తనిఖీ

కొందరికి పక్కింటి సంసారంలోకి తొంగిచూసే జబ్బు ఉంటుంది. పట్టకారు బాబాయికి పక్కింటి చెత్తబుట్టలోకి తొంగిచూసే జబ్బు. మొదటిదానికైతే తలుపు వేసుకుంటే సరిపోతుంది. రెండోదానికి మందు లేదు. బుట్టలు పొద్దున్నే గుమ్మం బయట పెట్టి తీరాలన్నది సాక్షాత్తూ మున్సిపాలిటీ మరి.

ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాడు. ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి అరలో పడకపోతే ఆయనకి అన్నం సహించేది కాదు. ఉద్యోగం అయిపోయింది గానీ చెయ్యి ఊరుకోదుగా! సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ ఇంటింటికీ రెండు బుట్టలు పంచింది. పచ్చదాంట్లో తడి చెత్త, నీలందాంట్లో పొడి చెత్త. కలిపితే గేటుకి ఎర్ర స్టిక్కరు. మూడు స్టిక్కర్లు పడితే ఆ ఇంటి ముందు ఇక చెత్తబండి ఆగదు. వీధంతా నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే ఈయనొక్కడూ పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. వంటింట్లోంచి పట్టకారు తెచ్చుకుని, భుజాన ఓ సంచి తగిలించుకుని, రోజూ బండి రాకముందే వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తనిఖీ మొదలుపెట్టాడు.

చేస్తే చేశాడు, నోరు మూసుకుని చెయ్యొచ్చుగా!

"బ్యాంకు మేనేజరుగారూ! గుడ్డుపెంకులు పొడిలో వేశారేంటండీ? కోడి మీకు పొడిగా పెట్టిందా?"

"మేడమీద పెద్దాయనా! డాక్టరు మానెయ్యమన్న సిగరెట్టు పెట్టె నీలంబుట్టలో ఉందండోయ్! అట్ట కాబట్టి పొడే, సరైన చోటే వేశారు!"

ఆ పెద్దాయన భార్య ఆ పూట ఏం చేసిందో చెప్పక్కర్లేదు, వీధంతా విన్నది. బాబాయి గొంతు అలాంటిది. రహస్యమనేది ఒకటుంటుందని దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ గొంతు దగ్గరపడుతుంటే ఎదురింట్లో కుట్టుపని చేసుకునే కోడలికి కుట్టు తప్పిపోయేది. మిషన్ ఆపి చెవులు రిక్కించేది. ఆమె భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది ఆమె, మంచం పట్టిన అత్తగారు. ఆ అత్తగారు ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. ఆవిడ వరండాలో నడుస్తుంటే టీచర్లే చేతులు కట్టుకునేవారట. జారిపడి నడుం విరిగాక ఆ మహాతల్లికి డైపర్లు వెయ్యాల్సి వచ్చింది. మొదటిరోజే కోడలి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"ఈ సంగతి గడప దాటకూడదు. దాటిందా, ఇక ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

అన్నంత పనీ చేసే మనిషి. ఓసారి పలకరించడానికొచ్చిన చుట్టం మూలనున్న ప్యాకెట్టు చూసి "అయ్యో" అన్నందుకే ఆవిడ మర్నాటిదాకా పళ్ళు బిగించుకుని పడుకుంది. కోడలు చెంచా పట్టుకుని పక్కనే కూర్చుని ఏడ్చింది.

ఇక ఆ డైపర్ల సంగతి మన మున్సిపాలిటీ మహానుభావులు ఏమని రాశారు? కోడలు ఫోన్ చేసి అడిగింది.

"సార్, మంచంలో ఉన్నవాళ్ళ డైపర్లు ఏ బుట్టలో వెయ్యాలి?"

"తడి కాదమ్మా అది."

"అయితే పొడా?"

"పొడి ఎలా అవుతుంది?"

"మరి?"

"ఊరి చివర మన సేకరణ కేంద్రం ఉంది. మీరే స్వయంగా తెచ్చివ్వాలి."

"మంచంలో మనిషిని వదిలేసి రోజూ అంత దూరం ఎలా రానండీ?"

"రూలమ్మా!" అని అవతలివాడు పెట్టేశాడు. ఆ రూలు రాసినవాళ్ళకి అమ్మానాన్నలు లేరో, ఉన్నా వాళ్ళ ఒళ్ళు కడిగే పని ఇంకెవరి నెత్తిన వేశారో దేవుడికే తెలియాలి.

చేసేదిలేక కోడలు వాటిని నల్ల కవర్లలో చుట్టి, కుట్టగా మిగిలిన గుడ్డపీలికతో గట్టిగా ముడివేసి, నీలంబుట్ట అడుగున పెట్టి, పైన పీలికలు కప్పేసేది. ఆ తర్వాత తలుపు వెనక నిలబడి, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేది.

"అమ్మాయీ! గుడ్డముక్కలు పొడి, సరే! దారం కండెలు పొడి, సరే!" పట్టకారు బుట్టలో గరగరలాడేది. కాసేపు నిశ్శబ్దం. "పాస్!" అని అరిచి ముందుకెళ్ళిపోయేవాడు.

ముసలాయనకి చూపు మందగించిందిలే, బతికించాడు అనుకునేది. ఆశ్చర్యమేంటంటే బండివాళ్ళు కూడా ఆమె గేటుకి ఒక్క స్టిక్కరూ అంటించలేదు.

స్టిక్కరు పడింది ఎవరికనుకున్నారు? పట్టకారు బాబాయి గేటుకే! ఒకటి కాదు, రెండు! వీధికి పండగే పండగ.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందిరోయ్!" అన్నాడు బ్యాంకు మేనేజరు.

"బాబాయ్, ముందు నీ బుట్ట చూసుకోవయ్యా!" అని మేడమీంచి పెద్దాయన కసి తీర్చుకున్నాడు.

బాబాయి తలొంచుకుని వినేసి, మర్నాడు మళ్ళీ పట్టకారుతో ప్రత్యక్షం. "మేనేజరుగారూ, ఇవాళ టీపొడి!"

మూడో స్టిక్కరు వెయ్యడానికి శానిటరీ ఇన్‌స్పెక్టరే స్వయంగా దిగాడు. వీధంతా పళ్ళు తోముకుంటూ గుమ్మాల్లోకొచ్చింది. ఇన్‌స్పెక్టరు బాబాయి నీలంబుట్టని రోడ్డుమీద బోర్లించాడు. నల్ల కవర్లు దొర్లాయి. వాటి మెడకి చిలకపచ్చ గుడ్డపీలిక. నిన్న కోడలు కత్తిరించిన లంగా అంచు అది.

ఆమె గేటు పట్టుకుని నిలబడిపోయింది. రోజూ తన బుట్ట దగ్గర ఆ కాసేపు నిశ్శబ్దం ఏమిటో అప్పుడు తెలిసింది. కవర్లు ఆయన సంచిలోకి మారిన నిశ్శబ్దం అది.

ఇన్‌స్పెక్టరు ఒక ముడి కోసి ముక్కు మూసుకున్నాడు. "డైపర్లు! ఏమయ్యా, ఒంటరివాడివి, గుండ్రాయిలా ఉన్నావు. ఎవరో తెచ్చి నీ బుట్టలో పడేస్తున్నారు. ఎవరిదీ పని? చెప్పండి! లేదంటే ఇప్పుడే ఇల్లిల్లూ వెతికిస్తా!"

కోడలి కళ్ళ ముందు అత్తగారి బిగించిన పళ్ళు మెదిలాయి.

"నావే!" అన్నాడు బాబాయి. ఆ గొంతుతోనే. వీధి చివరిదాకా.

"నీవా?"

"నావే నావే! ఏం, నాకుండకూడదా?"

"నువ్వు పొద్దున్నే వీధంతా తిరుగుతావట కదయ్యా?"

"అవి ఉన్నాయి కాబట్టే తిరగగలుగుతున్నా!"

మేనేజరు పకపకా నవ్వాడు. ఆయన్ని చూసి మేడమీది పెద్దాయన నవ్వాడు. రేపు తమకీ ఆ గతి పట్టదని రాసిచ్చినట్టు వీధి వీధంతా నవ్వింది. ఛీ, ఏం మనుషులో!

బాబాయి మాత్రం తగ్గలేదు. "మీ కేంద్రానికీ మోసుకెళ్ళానయ్యా! తాళం తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పు తడా, పొడా? అది చెప్పి స్టిక్కరు వెయ్యి!"

ఇన్‌స్పెక్టరు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండిమనిషి వైపు తిరిగి గొణిగాడు. "పెద్దాయన దగ్గర ఆ కవర్లు విడిగా తీసుకో. పైవాళ్ళకి నేను చెప్పుకుంటా." అంతే. రూలు మారిందనుకునేరు! ఒక మగవాడు వీధిలో సిగ్గు విడిచి అరిస్తే ఒక్క గుమ్మం ముందు సడలింది, అంతవరకే.

కోడలు లోపలికొచ్చేసరికి అత్తగారు మంచంలో కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. ఆ గొంతు ఆ గోడలకి ఆగుతుందా?

"ఏమే, పట్టకారాయనకి కూడానా?"

"అవునట అత్తయ్యా."

"అంతమందిలో అలా చెప్పేశాడా!" ఆవిడ చాలాసేపు కప్పు వైపు చూసింది. తర్వాత పాత హెడ్మిస్ట్రెస్ గొంతుతో, "పాపం, ఒంటరి మగాడు, ఎలా వేసుకుంటున్నాడో ఏమో. మన దాంట్లోంచి ఒక ప్యాకెట్టు పట్టుకెళ్ళి ఇయ్యి. ఎవరిచ్చారంటే నా పేరే చెప్పు, పర్లేదు," అంది.

కోడలు ప్యాకెట్టు కొంగులో దాచుకోకుండా చేత్తో పట్టుకునే వీధి దాటింది. బాబాయి గుమ్మంలో నిలబడ్డాక ఏడుపు తన్నుకొచ్చింది.

"బాబాయిగారూ, మీరు..."

"ముడివేసిన కవరమ్మా. విప్పి చదివేవాణ్ణి కాదు, చేరవేసేవాణ్ణి. రేపట్నుంచి నా చేతికే ఇయ్యి."

ఆమె ప్యాకెట్టు అందించింది. "అత్తయ్య పంపారు. సైజు సరిపోకపోతే మార్చి ఇస్తామన్నారు."

బాబాయి ప్యాకెట్టు వైపు చూశాడు, ఎదురింటి కిటికీ వైపు చూశాడు. గొంతు సవరించుకుని, వీధంతా మళ్ళీ గుమ్మాల్లోకి వచ్చేలా అరిచాడు.

"హెడ్మిస్ట్రెస్ గారూ! సరిగ్గా నా సైజేనండీ!"