అక్క చదివితే నడుము బిగుతు

మా తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. మా వీధిలో బట్టలు కుట్టే కొట్టు ఆవిడది. బావగారు ఇస్త్రీ చేస్తారు, నేను గుండీలూ హుక్కులూ కుడతాను. అక్క కాళ్ళు మిషను మీద ఉంటాయి గానీ, మనసు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక నవల్లో ఉంటుంది. ఒక పుస్తకం పూర్తి చేసిందంటే, మర్నాడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ అందులోని మనుషుల మీద ఫిర్యాదులే. చదివినట్టు చెప్పదు, కొలతలు తీస్తూనే పక్కింట్లో జరిగినట్టు చెబుతుంది.

"ఆ డాక్టరు చేసిన పని చూశారా? పెళ్ళి చేసుకుంటానని చెప్పి రైలెక్కేశాడు. చెయ్యెత్తండి. పోనీ, కబురైనా పెట్టాడా? పెట్టడు. ఊపిరి బిగబట్టకండి."

పాపం, బిగిసింది ఆ మనిషి ఊపిరి కాదు, అక్క చేతిలోని టేపు. కోపం వస్తే అక్క కొలతలు కుంచించుకుపోతాయి. డాక్టరు నవల చదివిన రోజుల్లో కుట్టిన గౌన్లన్నీ నడుము దగ్గర పట్టేశాయి. కుట్లు విప్పలేక నా వేళ్ళు హూనమయ్యాయి. తరువాత ఏదో కథలో ముసలి పిల్లి చచ్చిపోయింది. అక్క ముఖం చూసి ఒకావిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరు పోయారమ్మా?" అని నన్ను మెల్లగా అడిగింది.

"పిల్లి అండీ."

"మీకు పిల్లి ఉండేదా?"

"లేదండీ."

ఆవిడ ఇంకేమీ అడక్కుండా బట్ట ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ వారం కుట్టినవన్నీ వదులు.

అయినా ఎవరూ వేరే కొట్టు మొహం చూడలేదు. బట్ట ఎలా కుదిరినా, కథ మాత్రం పూర్తిగా దొరుకుతుంది కదా. ఈ సంగతి కొట్టు గది ఓనరుగారి చెవిన పడింది. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక నవల రాసి, సొంతంగా అచ్చు వేయించుకున్నారు. దాన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టారు.

"మీరు బాగుందంటే వీధంతా చదువుతుందటగా. చదివి చెప్పండి. గది అగ్రిమెంటు సంగతి కూడా అప్పుడే చూద్దాం. మా బావమరిది ఇక్కడ ఫోన్ల కొట్టు పెడతానని ప్రాణం తీస్తున్నాడు."

ఆ రోజు నుంచి బావగారు ఇస్త్రీపెట్టె కంటే వేడిగా తయారయ్యారు.

"బాగుందని ఒక్క మాట అనేయి తల్లీ. నీ సొమ్మేం పోయింది?"

"ముందు చదవనివ్వండి."

"చదివితే అనలేవు. చదవకముందే అనేయి."

అక్క చదివింది. ఆ వారమే ఓనరుగారు పుస్తకం ఆవిష్కరణ సభకి కోటు కుట్టించుకోవాలని వచ్చారు. వస్తూనే నా వైపు చూసి, "నువ్వూ చదివావా?" అన్నారు.

"అట్ట చాలా బాగుందండీ."

"లోపల?"

"కాయితం కూడా మంచిదేనండీ."

బావగారు నన్ను చూసిన చూపుకి బట్టయితే కాలిపోయేదే. అక్క మాత్రం శాంతంగా కాలరు కొలతకి ఓనరుగారి మెడ చుట్టూ టేపు వేసింది.

"భాష శుభ్రంగా ఉందండీ," అంది. బావగారి ప్రాణం లేచొచ్చింది. "కానీ మీ హీరోకి భార్య ఉంది కదా."

"ఉంది. ఉత్తమురాలు."

"పుస్తకమంతా టీ తెస్తుంది. పెట్టేసి లోపలికి పోతుంది. ఇల్లంటుకున్న రోజు కూడా టీయే తెచ్చింది."

"అది ఆవిడ ఓర్పండీ."

"ఓర్పా? ఆయనగారేమో మంటల ముందు నిలబడి జీవితం గురించి ఉపన్యాసం. ఓ బకెట్టు అందుకోవాలని తోచలేదా ఆ మహానుభావుడికి?"

"అక్కా, టేపు," అన్నాను నేను.

ఓనరుగారి ముఖం ఎర్రబడింది. కోపమో, గాలాడకో తెలియలేదు. బావగారు పరుగున వచ్చి టేపు విప్పారు. ఓనరుగారు మెడ తడుముకుంటూ వెళ్ళిపోయారు.

"అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. ఆ టీ తెచ్చే ఆవిడ గుర్తొచ్చింది. ఏం చెయ్యను?" అంది అక్క. బావగారు చొక్కా తొడుక్కుని వేరే గది వెతకడానికి బయల్దేరారు. మిషను చప్పుడు లేని కొట్టులో ఆ పూటంతా నేను ఒకే గుండీని కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను.

రెండు మూడు రోజులయ్యాక ఓనరుగారు మళ్ళీ వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు.

"ఇల్లంటుకున్న రోజు... ఆవిడ ఏమని ఉంటుందంటారు?"

అక్క మిషను ఆపలేదు. "నన్నడిగితే ఎలాగండీ. మీ ఇంట్లో అడిగి చూడండి."

ఆయన నిజంగానే అడిగినట్టున్నారు. మర్నాడు ఓనరుగారి భార్య రొప్పుకుంటూ వచ్చి, ఆ స్టూలు మీదే కూలబడ్డారు.

"ఏం మందు పెట్టావమ్మా ఆయనకి? పొద్దున్నించీ కలం పట్టుకుని నా వెనకే తిరుగుతున్నాడు, 'దీనికి నువ్వేమంటావ్, దానికి నువ్వేమంటావ్' అని. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అడిగితే ఏమనను? కాసేపు ఇక్కడ దాక్కుంటాను."

"మరి ఏమన్నారండీ?" అని అడిగాను, ఆగలేక.

"ముందు ఇల్లెవరి వల్ల అంటుకుందో చెప్పమన్నాను. ఆ హీరోగారు కాల్చే చుట్ట వల్లే అయ్యుంటుందన్నాను. రాసుకున్నాడు."

అక్క పడీ పడీ నవ్వింది. ఆవిడా నవ్వారు.

సాయంత్రం బావగారు ఓనరుగారింటికి వెళ్ళి, అగ్రిమెంటు చేతపట్టుకుని గాల్లో తేలుతూ వచ్చారు. బావమరిదిని వేరే వీధి చూసుకోమన్నారట. నవలంతా తిరగరాస్తున్నారట, అది పూర్తయ్యేదాకా కొట్టు ఇక్కడే ఉండాలట. ఆవిడ ఇంట్లో చెప్పిన మాటలు నవల్లో సరిగ్గా పడ్డాయో లేదో అక్క చూడాలట.

"విన్నావుగా," అన్నారు బావగారు, ఇస్త్రీపెట్టె అందుకుంటూ. "ఆయన్ని తొందరపెట్టకు. వాక్యం వాక్యానికీ వంక పెట్టు."